హాజరుపట్టీనుండి కెమెరావఱకు

చాదరుఘాటు వంతెన దాటి మలక్‌పేటకు పోవు బాటసారి తల యెత్తి చూచినచో మెట్రో స్తంభముల ప్రక్కను, దుకాణముల చూరులక్రిందను, నాలుగుబాటల కూడలియందును కెమెరాలు కానవచ్చును. వానిని జూచి యిప్పు డెవ్వరును ఆగరు. వీథిదీపమువలె నదియు నూరిలో నొక వస్తువైనది. వానినిగూర్చి జనుల నడిగినచో సామాన్యముగా రెండు మాటలు వినవచ్చును. ఒకటి: "తప్పు చేయనివానికి భయమేల?" రెండవది: "సర్కారు చూడదలచిన చూడక మానునా? మనము వలదన్న వినువారెవరు?" మొదటిది నమ్మకము, రెండవది నిరాశ. ఫలము మాత్రము రెంటికిని ఒక్కటే. విషయము చర్చకు రాదు.

ఈ రెండు మాటలును కెమెరాతో పుట్టినవి కావు. వాని పుట్టుక యెక్కడనో, అవి మనవారి నెచ్చటికి గొనిపోయెనో కొంచెము విచారింపవలసియున్నది.

మలక్‌పేట అబ్దుల్లా కుతుబ్‌షా సేవకుడగు మాలిక్ యాకూబు పేర వెలసిన పేట యని చెప్పుదురు. 1876లో దీని చేరువనే చంచల్‌గూడ జైలు కట్టబడినది. 1886లో ఆఱవ నిజాము మహబూబు అలీఖాను గుఱ్ఱపు పందెముల నిచ్చటికి మార్పించెను. జైలొక వంకను, పందెముల మైదానమొక వంకను గల పేట యిది. పందెముల ప్రసక్తి మరల వచ్చును.

మనుష్యుని శరీరమునే గుర్తుగా గైకొను పద్ధతి మన దేశముననే పుట్టినదని చాలమంది యెఱుగరు. 1858లో బెంగాలులోని జంగీపురమున విలియం హెర్షెల్ అను దొర, రోడ్డు వేయుటకు సామగ్రి నిచ్చుటకొప్పుకొన్న రాజ్యధర్ కోనాయి యనువానిచేత ఒడంబడిక కాగితముపై అరచేతి ముద్ర వేయించెను. మాట తప్పకుండుట కదియొక కట్టు. అంతకు మించిన తలంపు లేదు. 1897 నాటికి కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయమే వెలసినది. వేలకొలది ముద్రలలో కావలసినదానిని క్షణములో వెదకి తీయగల వర్గీకరణమునకై అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను నిరువురు మనదేశస్థులు పాటుపడిరి. ఆ పద్ధతికి నిలిచిన పేరు వారి పైయధికారియగు హెన్రీది. అది యటుండనిండు. గుత్తదారుని మాటకు పూచీగా మొదలైన ముద్ర నలువదేండ్లలో నేరస్థుని గుర్తుగా మాఱినది. యంత్రమో పద్ధతియో ఒక పనికై వచ్చి మఱియొక పనిలో స్థిరపడుట ఇది మొదటిసారి కాదు, కడపటిసారియు కాదు.

ఇంతకంటె ఘోరమైనది తెలుగునేలపైననే జరిగినది. 1871లో ఉత్తరదేశమున నేరస్థజాతుల చట్టము పుట్టెను. 1911లో దానిని మార్చి మదరాసు రాజధానికిని వర్తింపజేసిరి. ఆ చట్టము ప్రకారము ఒక కులమునంతటిని నేరస్థజాతిగా ప్రకటింపవచ్చును. అందలివారి పేర్లు పుస్తకమున నెక్కించి వ్రేలిముద్రలు గైకొనవచ్చును. వారెచ్చట నివసించునదియు, ఎచ్చటికి పోవునదియు ఎప్పటికప్పుడు తెలుపుమని యాజ్ఞాపింపవచ్చును. ఎఱుకలవారు ఉప్పు, ధాన్యము ఎద్దులపైన మోసికొని ఊరూర తిరిగి యమ్ముకొను జాతి. రైలుబండ్లు వచ్చుటతోను, ఉప్పుపై సర్కారు అధికారము బిగియుటతోను వారి వ్యాపారము పోయినది. బ్రదుకు తెరువు పోయినవారికి చూపిన మార్గము బాపట్ల చేరువ స్టూవర్టుపురము మొదలగు సెటిల్‌మెంటులు. సర్కారు వానిలో కొన్నింటిని ముక్తిఫౌజు వారికి అప్పగించినది. అచ్చట వేళకు వేళకు హాజరు చెప్పవలెను. హాజరుపట్టీలో పేరు పిలిచినప్పుడు పలుకనివాడు నేరము చేసినవాడే. వాడు దొంగిలించెనా లేదా యను ప్రశ్నయే లేదు. పొరుగూరు పోవలెనన్నను చీటి కావలెను.

ఆ కాలమున పొరుగూళ్ల పెద్దమనుష్యులు దీనిని తప్పుగా నెంచిరని తోచదు. పంటకు కాపుదల కలిగెను, పెట్టెకు తాళము నిలిచెను. దొంగకాని యెఱుకలవానికి హాజరు చెప్పుట కేమి కష్టమని వారనుకొనుట సహజమే. మన మొదటి మాట యిదియే గదా! స్వతంత్రము వచ్చిన యైదేండ్లకు, 1952లో, ఆ చట్టము రద్దయ్యెను. కాని పోలీసుఠాణాలలో అనుమానితుల షీటులు నిలిచియే యున్నవి. ఊరిపేరు చెప్పగనే యెదుటివాడు జేబు తడవుకొనుట స్టూవర్టుపురమువారికి తరములు గడచినను తప్పలేదు. ముద్ర కాగితముపైనుండి చెఱిపివేయుట సులభము. పొరుగువాని మనసునుండి చెఱుపుట సులభము కాదు.

నిజాము రాజ్యమున కథ వేఱు విధముగా నడచినది. ఇచ్చట సర్కారు ముద్రలకంటె మాటలకు వెఱచెను. గస్తీ నిషాన్ 53 అను ప్రసిద్ధమైన ఉత్తరువు ప్రకారము బహిరంగసభ పెట్టదలచినవారు ముందుగా అనుమతి పొందవలసియుండెను. గ్రంథాలయ వార్షికోత్సవమునకును అధికారుల దయ కావలసినచో జనులేమి నేర్చుకొందురు? అడుగకుండుట నేర్చుకొందురు. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరుగుట ఎంతటి సాహసమో ఈ సంగతి నెఱిగినవారికే తెలియును. "మనము వలదన్న వినువారెవరు" అను మన రెండవమాట కా నాటి అలవాటే తల్లి యని నా యభిప్రాయము.

ఈ రెండు మాటలకును గట్టి సమాధానము చెప్పినవాడును తెలుగువాడే. ఉత్తరప్రదేశమున ఖరక్‌సింగు అను నతనిని 1941లో దోపిడినేరముపై పట్టి, సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. అయినను పోలీసులతనిపై షీటు తెఱచి రాత్రులందు తలుపు తట్టుచు, రాకపోకలు కనిపెట్టుచు నుండిరి. 1962లో సుప్రీముకోర్టున ఆర్గురు న్యాయమూర్తులు ఈ వ్యాజ్యెమును వినిరి. రాత్రివేళ తలుపు తట్టుట చెల్లదని యందఱును ఒప్పుకొనిరి. కాని ఏకాంతపు హక్కు మన రాజ్యాంగమున లేదనియు, కనిపెట్టియుండుటవలన స్వేచ్ఛకు భంగము లేదనియు నలుగురు తీర్పు చెప్పిరి. రాజమహేంద్రవరమువాడగు కోకా సుబ్బారావుగారు, జస్టిస్ షా గారిని కలుపుకొని, ఒప్పుకొనలేదు. కాళ్లకు సంకెల లేనంతమాత్రమున మనుష్యుడు స్వేచ్ఛగా నడచుచున్నట్లు కాదు. వెనుక కనిపెట్టుకన్ను ఉన్నప్పుడు అతని నడకలో భయము చేరును, దేశమంతయు నతనికి చెఱసాలయగును అని వారి భావము. యాబదియైదేండ్ల పిమ్మట, 2017 ఆగష్టు 24వ తేదీన, పుట్టస్వామి వ్యాజ్యెములో తొమ్మండ్రు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఏకాంతము ప్రాథమిక హక్కేయని నిర్ణయించిరి. సుబ్బారావుగారి భిన్నాభిప్రాయమే సరియైనదని తేలినది. ఆ నాటికి వారు లేరు.

ఇక మలక్‌పేటకు వత్తము. 2007 మే 18వ తేదీన మక్కామసీదులో బాంబు ప్రేలినది. పిమ్మట పాతనగరపు యువకులనేకులను పోలీసులు పట్టుకొనిరి. వారిపై మోపిన నేరములు న్యాయస్థానములలో నిలువలేదు. అల్పసంఖ్యాకుల జాతీయ సంఘము సిఫారసుపై ప్రభుత్వము సుమారు 70 మందికి పరిహారమిచ్చెను. 2013లో హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. పోయిన కాలమెట్లును రాదు, వచ్చిన డబ్బును చెల్లదనిరి. అదే 2013 ఫిబ్రవరి 21వ తేదీన మలక్‌పేటనుండి పోవు త్రోవలోనే దిల్‌సుఖ్‌నగరున రెండు బాంబులు ప్రేలి అనేకులు మరణించిరి. సాయంకాలము సరకులకు వచ్చినవారును, చదువుకొను పిల్లలును ఆ దారిని నడచువారే. ఆ దినము చూచినవారు కెమెరాలు కావలెననుటలో ఆశ్చర్యమేమియు లేదు. వారిని నిందించుట అన్యాయము. ఆ యేటనే ప్రజాభద్రతాచట్టము వచ్చెను. ఒక్కసారి నూర్గురు గుమిగూడదగిన దుకాణము, ఆసుపత్రి, గుడి, మసీదు మొదలగు స్థలములవారు తమ ఖర్చుతో కెమెరాలుంచి చిత్రములను ముప్పదిదినములు దాచి పోలీసుల కీయవలెనని విధించిరి. "నేను సైతము" అను పేర వీథులవారే చందాలు వేసికొని కెమెరాలు పెట్టించుకొనిరి. ఒక కెమెరా నూర్గురు పోలీసులతో సమానమని అధికారులు చెప్పుచు వచ్చిరి.

చూచుట యొకటి, గుర్తుపట్టుట యొకటి. 2018లో తెలంగాణ పోలీసులు తమ చేతిఫోనులలోని యాపునకు ముఖమును గుర్తించు శక్తిని చేర్చిరి. 2020 జనవరిలో కొంపల్లి పురపాలక యెన్నికలలో కొన్ని కేంద్రములందు ఓటరుల ముఖములను యంత్రముచే పరీక్షించిరి. 2021లో గంజాయి వెదకుటకై బాటసారులను నిలిపి వారి ఫోనులలోని సంభాషణలను పోలీసులు చదువుట చిత్రములలో కానవచ్చెను. అదే యేడు మే నెలలో, లాక్‌డౌనుకాలమున, పాతనగరమందు సామాజిక కార్యకర్తయగు ఎస్. క్యూ. మసూద్‌గారిని వీథిలో నిలిపి ముఖకవచము తీయుమనిరి. ఆయన తీయననగా అట్లే ఫొటో తీసికొనిరి. ఏ చట్టము ప్రకారము తీసితిరి, దాని నేమి చేయుదురు అని ఆయన నోటీసు పంపి, పిమ్మట హైకోర్టు కెక్కెను. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వమునకు నోటీసిచ్చినది. తప్పు చేయనివాడే భయపడకుండ అడిగిన ప్రశ్న యిది. "భయమేల" యనువారు దీనిని గుర్తింపవలెను.

కెమెరాలవలన దొంగలు పట్టుబడుట సత్యము. గొలుసు తెంపుకొని పోయినవానిని గంటలలో పట్టిన సందర్భములు గలవు. రాత్రి బండి దిగి యింటికి నడచు స్త్రీకి కూడలిలో కెమెరాయుండుట కొంత ధైర్యము. అయినను యంత్రము తప్పు చేయదనుట వట్టిమాట. వేయిమందిలో నొక్కనినే పొరపాటున గుర్తించు యంత్రము, లక్షమంది నడచు కూడలిలో దినమునకు నూర్గురు నిర్దోషులను చూపును. 2019లో అమెరికా దేశపు ప్రమాణసంస్థయే పరీక్షించి, అనేక యంత్రములు ఆసియావారి ముఖములను, నల్లవారి ముఖములను, స్త్రీల ముఖములను ఎక్కువగా పొరబడుచున్నవని చెప్పినది. యంత్రమున కంటె యంత్రము చూపినదానిని నమ్ము మనుష్యునివలన కీడెక్కువ. 2023లో కెమెరాచిత్రములోని దొంగను పోలియున్నాడని మెదకు పోలీసులు ఒక కూలివానిని పట్టుకొనిరి. అతడు కాడని తెలిసి విడిచిరి. ఠాణాలో తన్ను కొట్టిరని అతడు ఆసుపత్రిలో చెప్పెను, ఫిబ్రవరిలో మరణించెను. హైకోర్టు తనంతట తానే ఆ విషయమును విచారణకు గైకొన్నది. అతడును తప్పు చేయనివాడే.

ఇచ్చట మలక్‌పేట పందెముల సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. రెండు గుఱ్ఱములు ఒక్కసారి గీటు దాటినచో కెమెరాచిత్రము చూచి తీర్పు చెప్పుదురు. ఆ చిత్రమును అందఱును చూడవచ్చును. ఆక్షేపణ చెప్పుటకు నియమములును గలవు. గుఱ్ఱమునకు గల యీ సదుపాయము మైదానము బయట నడచు మనుష్యునికి లేదు. మఱియొక యుదాహరణము పాత మలక్‌పేటదే. 2020 డిసెంబరు 1వ తేదీ నగరపాలక యెన్నికలు యంత్రములతో గాక కాగితపు బ్యాలెట్లతో జరిగినవి. ఆ వార్డులో సి.పి.ఐ. అభ్యర్థి పేరు కెదురుగా సి.పి.ఎం. గుర్తు అచ్చైయుండెను. ఓటువేయ వచ్చినవారు కంటితో చూచిరి, కేక వేసిరి; పోలింగు నిలిచినది, డిసెంబరు 3న మరల జరిగినది. కాగితముపైని తప్పు గనుక రెండుదినములలో దిద్దబడినది. ముఖముల పట్టికలో నొకని పేరు కెదురుగా మఱియొకని గుర్తు పడినచో చూచి కేక వేయువా డెవడు? ఆ పట్టికయందు తానున్నట్లే యాతనికి తెలియదు.

కావున అడుగవలసినది కెమెరాలు కావలెనా వలదా యని కాదు. ఎవరి ముఖము ఎందుకు పట్టికకెక్కినదో వానికి చెప్పవలెను. నిర్దోషియని తేలిన వెంటనే చెఱిపివేయవలెను. పోలీసుశాఖకు లోబడనివారొకరు లెక్క చూడవలెను. ఇవి చట్టములో వ్రాయవలసిన మాటలు. 1920 నాటి దొరల చట్టమునందే, కొలతలిచ్చిన నిందితుడు పూర్వము శిక్షపడనివాడై నిర్దోషిగా విడుదలయైనచో ఆ కొలతలు నాశము చేయవలెనని యుండెను. 2022 ఆగష్టు 4వ తేదీన ఆ చట్టము స్థానమున క్రొత్త చట్టము అమలులోనికి వచ్చెను. కనుపాపల ముద్రలు మొదలుకొని అనేకములు గైకొని 75 ఏండ్లు దాచవచ్చునన్నది. ఆ దినముననే బంజారాహిల్సులో నగరపు కెమెరాల నన్నిటిని ఒక్కచోట చూచు మహాభవనము ప్రారంభోత్సవము జరిగినది. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణచట్టమో, కేంద్రప్రభుత్వము కోరినచో సర్కారు సంస్థలకు మినహాయింపు నీయవచ్చునని తలుపు తెఱచియుంచినది.

పట్టుబడినవానికైన 75 ఏండ్లను గడువు గలదు. పట్టుబడక, నేరము మోపబడక, వీథిని నడచుచుండగా 2021లో ఫొటో తీయబడినవాని ముఖము ఎన్నేండ్లుండవలెనో ఆ చట్టములో వ్రాయలేదు.