మాట ఒక కాలానిది, బాణీ మరొక కాలానిది

హెబ్బగోడి వంటి చోట్ల తెలుగు చదువుకునే విద్యార్థుల ముందు ఒక పోలిక ఉంచుతున్నాం. ఇటలీ కవి పెట్రార్క్ (1304–1374) పద్యాలను 16వ శతాబ్ది స్వరకర్తలు నాలుగైదు గొంతులు వేర్వేరు వరుసల్లో ఒకేసారి పాడేటట్లు కూర్చారు. ఈ గేయాలే మాడ్రిగల్‌లు. వెనిస్‌లో 1501లోనే పెట్రూచ్చి ఇటువంటి బహుగళ సంగీతాన్ని అచ్చు వేశాడు. స్వరాలు కాగితం మీద నిలిచినందువల్ల మాడ్రిగల్‌లను ఈనాటికీ పాడగలుగుతున్నారు.

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనల గతి వేరు. తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది; పాడే వరుస తెలిపే స్వరలిపి లేదు. 1912 నుంచి మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, తర్వాత తిరుపతిలో ఆ పాఠాన్ని పరిష్కరించారు. నూరుకు పైగా కీర్తనలను స్వరపరిచారు. అంటే ఆ బాణీలు అన్నమయ్యవి కావు, రాళ్లపల్లివారివి. సాహిత్యాన్ని 15వ శతాబ్ది ప్రమాణంగా చదవాలి; బాణీని 20వ శతాబ్ది వ్యాఖ్యానంగా వినాలి. ఈ రెంటినీ కలిపివేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినవారమవుతాం.

మరొక సంగతి కూడా గమనించదగినది. మూగబోయిన పాటలకు గొంతునిచ్చిన ఆ పండితుడు దశాబ్దాలపాటు కన్నడ సీమలో తెలుగు పాఠం చెప్పినవారే.