పాటకు వేసిన తాళం

తాళం అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. ఒకటి పాటను నడిపిస్తుంది, ఇంకొకటి బీరువాను కాపాడుతుంది. ఈ రెండో తాళాన్ని తీసుకెళ్ళి పాటకే బిగిస్తే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. జరిగింది మన దేశంలో కాదు. జరిగి మరీ ఎన్నాళ్ళో కాలేదు కూడా.

1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి కాంపాక్ట్ డిస్కును బజారుకు తెచ్చినప్పుడు దానికి తాళమే పెట్టలేదు. ఒక్క డిస్కులోని సంగీతాన్ని దాచుకునేంత చోటు ఆనాటి ఇళ్ళలోని కంప్యూటర్లకు ఎక్కడిది? పదిహేనేళ్ళు తిరిగేసరికి కాలం మారింది. డిస్కును కంప్యూటర్లో పెట్టి నకలు తీయడం పిల్లల ఆటైపోయింది. 1999లో నాప్‌స్టర్ వచ్చి ఆ నకళ్ళను ఇంటింటికీ చేరవేసింది. కంపెనీలవారి గుండెల్లో రాయి పడింది.

అదే ఏడు సోనీ, ఫిలిప్స్‌లు ‘సూపర్ ఆడియో సీడీ’ని తెచ్చాయి. ఎదుటినుంచే కాక మన చుట్టూనుంచీ పాట వినిపించే వీలుంది ఇందులో. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మంద్రధ్వనులకు వేరే ఒకటి. కచేరీ మధ్యలో కూర్చున్నట్టే ననుకోండి. కాని ఈసారి జాగ్రత్తపడ్డారు. పాటను రహస్యలిపిలోకి మార్చి, ఆ లిపిని విప్పే కిటుకును డిస్కు మీది సన్నని గుంటల వెడల్పులోనే దాచారు. దాన్ని చదవగల డ్రైవును కంప్యూటర్లకు అమ్మనే లేదు.

దీనికి పోటీగా వచ్చిన డీవీడీ ఆడియోది ఇంకో తమాషా. అది 1999 చివర రావలసింది. సరిగ్గా అప్పుడే నార్వేలో యోన్ లెక్ యోహాన్సన్ అనే పదిహేనేళ్ళ కుర్రవాడు, మరో ఇద్దరితో కలిసి, సినిమా డీవీడీల తాళం విప్పే ప్రోగ్రామును లోకం మీదికి వదిలాడు. కంపెనీలు బెంబేలెత్తి, అనుకున్న తాళాన్ని పక్కనపెట్టి కొత్తది చేయించుకుని, 2000లోగాని డిస్కులు బయటపెట్టలేదు. కుర్రవాడి మీద కేసు నడిచింది. కొనుక్కున్న సినిమాను నా కంప్యూటర్లో చూసుకోవడానికే చేశానన్నాడతను. 2003లో కోర్టు అతన్ని నిర్దోషి అంది. సొంత డబ్బుతో కొన్నదాన్ని తెరుచుకోవడం నేరం కాదన్నమాట!

ఇంతకీ ఈ తాళాలవల్ల అవస్థపడ్డదెవరు? న్యాయంగా కొన్నవారే. ధ్వనిని అంకెల రూపంలో ఒక్క తీగలో పంపిస్తే ఎవరైనా పట్టుకుంటారేమోనని, తొలి ప్లేయర్లకు ఆరు వేరువేరు తీగలు తగిలించమన్నారు. గదినిండా అలా తీగలు పరిస్తే ఊడ్చేదెవరండీ? అవతల జనం పాటలన్నీ ఐపాడ్‌లోకి ఎక్కించుకుని జేబులో వేసుకు తిరుగుతున్నారు. చుట్టూ వినిపించే ఆ పాట మాత్రం గడప దాటదు. చివరికి ఎంత బాగున్నా, ఆ డిస్కులు కొద్దిమంది సంగీతప్రియుల ముచ్చటగానే మిగిలిపోయాయి.

పోనీ, తాళమైనా నిలిచిందా? 2005లో కొందరు డీవీడీ ఆడియో తాళాన్ని ముట్టుకోకుండానే పని కానిచ్చారు. కంప్యూటర్లో పాడించే ప్రోగ్రాము తాళం తీసేదాకా ఊరుకుని, బయటికొచ్చే పాటను గుమ్మంలోనే పట్టుకున్నారు. సూపర్ ఆడియో సీడీ తాళమైతే సోనీవారి సొంత సరుకువల్లే తెరుచుకుంది. 2006లో వచ్చిన వారి ప్లేస్టేషన్ 3 అనే ఆటల పెట్టె తొలి మోడళ్ళు ఆ డిస్కులను పాడించేవి. కొన్నేళ్ళకు ఔత్సాహికులు దాని ద్వారానే పాటను కంప్యూటర్లోకి దించేశారు. తాళం వేసి గొళ్ళెం మరిచినట్టయింది.

నకళ్ళను నేను వెనకేసుకొస్తున్నాననుకోకండి. నా నవలను ఎవరో అచ్చేసుకుని అమ్ముకుంటే నాకూ కడుపు మండుతుంది. పాడేవారికీ, రాసేవారికీ కూడు పెట్టేది ఆ అమ్మకమే. కాని ప్లేయరు పాడై, మరొకటి దొరక్కపోతే బీరువాలోని డిస్కు మూగబోతుంది. అప్పుడు ఆ పాటను బతికించేది తాళం వేసినవారు కారు, విప్పినవారే.

2021నుంచి ఆపిల్ మ్యూజిక్‌లోనూ చుట్టూ వినిపించే పాటలు నెలచందాకు దొరుకుతున్నాయి. డిస్కుల్లేవు, ఆరు తీగల గొడవా లేదు. చందా మానేస్తే పాటా లేదు! బీరువాయే మాయమైంది గాని, తాళంచెవి మాత్రం ఇంకా మన కొంగుకు రాలేదు.