ఎడమకాలి పాఠం

గోల్ కొట్టేవాడు పుట్టాల్సిందే, ఆపేవాణ్ని మాత్రం తయారుచేసుకోవచ్చు అనే నమ్మకం మన మైదానాల్లో బాగా పాతుకుపోయింది. చెడుగుడులో కూతకు వెళ్లి ముగ్గుర్ని ముట్టి వచ్చిన పిల్లాణ్ని చూసినా, ఆదోని, ఎమ్మిగనూరు హైస్కూలు మైదానాల్లో బాస్కెట్‌బాల్ బుట్టలోకి బంతిని అవలీలగా వేసే అమ్మాయిని చూసినా, అది పుట్టుకతో వచ్చిన విద్యేనని తేల్చేస్తాం. పట్టుపట్టడం, అడ్డుకోవడం, ఓర్చుకోవడం నేర్పితే వస్తాయని ఒప్పుకుంటాం. దాడి దగ్గరికి వచ్చేసరికి గురువు పాత్రను చిన్నది చేసేస్తాం. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. ఆటలో అన్నిటికన్నా ఎక్కువగా నేర్పాల్సింది, నేర్పితే అన్నిటికన్నా ఎక్కువగా మారేది దాడే. మెచ్చుకోలు మాటలతో అది మారదు. రోజూ సాధనకు గురువు పెట్టే నియమాలతో మారుతుంది. దీనికి తెలుగునేల మీదే దొరికే గట్టి సాక్ష్యం బాస్కెట్‌బాల్‌లో కాదు, ఫుట్‌బాల్‌లో ఉంది. 1943 నుంచి 1963 దాకా హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు చేసిన పని అది.

బాస్కెట్‌బాల్‌ను పూర్తిగా పక్కన పెట్టలేం. ఎందుకంటే పుట్టుక నమ్మకానికి ఆ ఆటను కనిపెట్టినవాడే పెద్ద సాక్షి. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ ఆ ఆటను రూపొందించాడు. తర్వాత కాన్సాస్ విశ్వవిద్యాలయంలో తన శిష్యుడు ఫాగ్ అలెన్ కోచ్‌గా వెళ్తానంటే, ఈ ఆటను నేర్పడమేమిటి, ఆడటమేగా అన్నట్టు మాట్లాడాడని ప్రసిద్ధి. కాన్సాస్‌లో నైస్మిత్ జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడింది. గురువు మాట వినని అలెన్ అదే విశ్వవిద్యాలయానికి దశాబ్దాలపాటు విజయాలు తెచ్చి, బాస్కెట్‌బాల్ శిక్షణకు ఆద్యుడని పేరు పొందాడు. నైస్మిత్‌ను తప్పుపట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. ఆయన లక్ష్యం పిల్లల ఆరోగ్యం, నడవడిక. గెలుపు ఆయన లెక్కలో వెనకే ఉండేది. అదే దృష్టి మన వైపుకూ వచ్చింది. హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాక, మద్రాసు రాజధానిలోని బడులకు వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసే పని ఒక పద్ధతిలో పడింది. ఆదోని తాలూకా అప్పుడు బళ్లారి జిల్లాలో, అంటే మద్రాసు రాజధానిలోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గానీ అది కర్నూలు జిల్లాలో కలవలేదు. పిల్లల్ని వరసల్లో నిలబెట్టి కసరత్తు చేయించే డ్రిల్లు మాస్టరు ఆ మద్రాసు సంప్రదాయం బిడ్డ. ఆయన ఆటను పిల్లలకు పరిచయం చేశాడు, అది గొప్ప మేలే. ఒక్కొక్క ఆటగాడి దాడిని చెక్కే పని మాత్రం ఆ సంప్రదాయం తన మీద వేసుకోలేదు.

ఆదోని వైపున్న ఉరుకుంద నుంచి ఉత్తరంగా వెళ్లి తుంగభద్ర దాటితే రాయచూరు సీమ. 1948 దాకా అది నిజాం రాజ్యం. ఆ రాజ్యపు రాజధానిలో ఇంకో రకం ఉపాధ్యాయుడు పుట్టుకొచ్చాడు. రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, నగరంలోని బడుల్లో పంతులుగా పనిచేశాడు. వ్యాయామ విద్యలోనూ అర్హత సంపాదించాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు, చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు, జాతీయ జట్టుకు శిక్షకుడిగా పనిచేశాడు. ఈ పదవుల్లో కార్యదర్శి పనినే మనం తక్కువ చూస్తాం. ఆయన కథతో 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక జకార్తా, మెల్‌బోర్న్ పేర్లు చాలామందికి తెలిశాయి. ఒక సంఘం కార్యదర్శి బల్ల దగ్గర కూర్చుని పోటీల నియమాలు రాయడం సినిమాకు ఎక్కే దృశ్యం కాదు. నా దృష్టిలో మాత్రం అసలు చరిత్ర ఆ బల్ల దగ్గరే మొదలైంది.

అప్పటి మన ముందువరస ఆటగాళ్ల బలం, బలహీనత రెండూ డ్రిబ్లింగే. బంతి దొరికితే వదలరు. ఇద్దరిని తప్పించి మూడోవాడి దగ్గర పోగొట్టుకుంటారు, చప్పట్లు మాత్రం పడతాయి. రహీం దీనికి ఉపన్యాసంతో మందు వేయలేదు. హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు పెట్టించాడు. బలం తక్కువున్న కాలితోనే ఆడాలన్న నియమంతో పోటీలు పెట్టించాడు. ఈ నియమాలు కుర్రాడి బుర్రలో ఏం చేస్తాయో ఆలోచించండి. బంతిని అట్టిపెట్టుకోవడం కుదరదని తెలిసిన క్షణం నుంచి, బంతి రాకముందే తల ఎత్తి ఎవరు ఎక్కడున్నారో చూడక తప్పదు. బంతి ఇచ్చేశాక ఊరికే నిలబడితే ఆట ఆగిపోతుంది కాబట్టి ఖాళీ చోటికి పరుగెత్తక తప్పదు. కుడికాలు పనికిరానప్పుడు ఒంటిని తిప్పే కోణం మారుతుంది. ఎదుటివాడు కాచుకున్న వైపు కాకుండా రెండో వైపు నుంచి గోలు కనిపించడం మొదలవుతుంది. బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కుడిచేతి వాటం పిల్లకు ఎడమచేత్తో లేఅప్ రాకపోతే, కాచేవాళ్లు ఒక వైపు మూసేస్తే చాలు, ఆమె దాడి సగానికి పడిపోతుంది. ఎడమచేయి కలిసొస్తే కాచేవాళ్లకు రెండు వైపులా పనిపడుతుంది. పుట్టుకతో ఒక చేయో ఒక కాలో బలంగా వస్తుంది. రెండోదాన్ని సాధన ఇవ్వాలి. ఆ సాధన పిల్లలు తమంతట తాము చేయరు, ఎందుకంటే దానిలో మొదట్లో అవమానమే ఎక్కువ. అందరికీ ఒకే నియమం పెట్టి ఆ అవమానాన్ని సమానంగా పంచడం గురువు పని. రహీం దాన్ని ఏకంగా నగరం మొత్తానికి చేశాడు.

ఫలితాలు నమోదై ఉన్నాయి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ అందుకుంది. 1956-57లోనూ, ఆ మరుసటి ఏడూ సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. జాతీయ జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడింది.  ఆ చలిలో మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ల తర్వాత, 1956 నవంబరు 1న తుంగభద్రకు రెండు వైపులా ఉన్న తెలుగువాళ్లు ఒకే రాష్ట్రంలోకి వచ్చిన సరిగ్గా నెల రోజులకు, డిసెంబరు 1న మెల్‌బోర్న్‌లో రహీం జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే. ఆ తర్వాత యుగోస్లావియా చేతిలో 1-4తో, కాంస్యం కోసం బల్గేరియాతో 0-3తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. పదికి ఒకటి నుంచి నాలుగుకు ఒకటికి తగ్గిన ఆ తేడా నాకు పతకంతో సమానం.

జట్టు లెక్కలు ఒక్క ఆటగాడు ఎలా ఎదిగాడో చెప్పవు. దానికి తులసీదాస్ బలరాం ఉన్నాడు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో 1936లో, పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. సాధనకు సికింద్రాబాద్ నుంచి హైదరాబాద్ రావడానికి డబ్బుల్లేవంటే రహీం సైకిల్ అద్దెకు డబ్బులిచ్చి రప్పించాడని బలరామే తర్వాత చెప్పుకున్నాడు. 1956 ఒలింపిక్ జట్టులోకి వచ్చాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో 1-2తో ఓడిన ఆటలోనూ, పెరూ చేతిలో 1-3తో ఓడిన ఆటలోనూ మన గోల్స్ ఆయనవే. 1961లో ఈస్ట్ బెంగాల్ నాయకుడిగా కలకత్తా లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్ మీద గోల్ చేశాడు. ఈ లెక్కల్లో నాకు ముఖ్యంగా కనిపించేది స్థానాల మార్పు. బలరాం మధ్యలో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడాడు, లోపలి ఎడమన ఆడాడు, ఎడమ అంచున వింగ్‌లోనూ ఆడాడు. ఒకే ఒరవడితో గోల్స్ కొట్టేవాడు ఇన్ని చోట్ల ఇమడలేడు. బంతిని త్వరగా వదలడం, రెండు కాళ్లనూ నమ్మడం, బంతి లేనప్పుడు చోటు వెతుక్కోవడం వచ్చినవాడికే అది సాధ్యం. హైదరాబాద్ పోటీల నియమాలు పిల్లలకు పట్టిపట్టి నేర్పింది ఈ మూడే.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి, రెండూ బరువైనవే. మొదటిది: రహీం కంటపడకముందే బలరాం ఆటగాడు కదా, గురువు చేసింది ఏరుకోవడమే తప్ప తయారుచేయడం కాదు కదా? ఏరుకోవడం నిజమే. అయితే అదొక్కటే చాలేదైతే, మేటి ఆటగాళ్లను డబ్బిచ్చి ఏరుకోగలిగిన కలకత్తా క్లబ్బులకు వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ అందకుండా పోయేది కాదు. రెండోది: పోలీసు శాఖ ఉద్యోగం, భోజనం, తీరిక ఇచ్చింది, గెలిపించింది ఆ ఆసరాయే కదా? ఆసరా లేకుండా ఏ గురువూ ఏమీ చేయలేడని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ రోజుల్లో సైన్యం, రైల్వేలు కూడా ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చాయి. ఉద్యోగం ఆటగాణ్ని మైదానానికి తెస్తుంది. అక్కడికొచ్చాక అతను ఏ కాలితో తన్నాలో అది చెప్పదు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి హైదరాబాద్ బయట తయారైనవాళ్లే కదా అని ఇంకొకరు అడగవచ్చు. అవును. వాళ్ల దాడికి రహీం ఇచ్చింది కాలి పనితనం కాదు, అమరిక. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ చూపిన 4-2-4 వరసను మన జట్టు త్వరగా అందిపుచ్చుకుంది. పి.కె., చునీ, బలరాం ముగ్గురూ ఒకరికొకరు అడ్డం రాకుండా ఆడగలిగింది దానివల్లే.

జకార్తా కథ తెలిసినదే అయినా ఈ వాదనకు అవసరం. దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమితో మొదలుపెట్టిన జట్టు థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించింది. థాయ్‌లాండ్ ఆటలో వెనకవరస మొనగాడు జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతణ్ని పక్కన కూర్చోబెట్టలేదు, ముందువరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా దించాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. 1962 సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్లో పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టగా 2-1తో స్వర్ణం వచ్చింది. దాడి రక్తంలోనే ఉండాలన్న మాటకు ఒక డిఫెండర్ చేసిన ఈ గోల్స్ దగ్గర జవాబు లేదు. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశాడు.

శిక్షణ ఎక్కువైతే ఆటగాడి సొంత వాటం చచ్చిపోతుందన్న భయం ఒకటుంది. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసిన ఆక్షేపణ ఇదే, ఎందుకంటే దీనికి ఉదాహరణలు మన చుట్టూ ఉన్నాయి. పిల్లల్ని యంత్రాల్లా తిప్పే శిబిరాలు లేకపోలేదు. అయితే రహీం డ్రిబ్లింగ్‌ను నిషేధించింది ఆ పోటీలకే, ఆటగాడి జీవితానికి కాదు. జకార్తా జట్టు నాయకుడు చునీ గోస్వామి డ్రిబ్లింగ్‌కు పేరుపడ్డవాడు, అది అలాగే మిగిలింది. నియమం తాత్కాలికం, దాని వల్ల తెరుచుకున్న దారి శాశ్వతం. హైదరాబాద్‌లోనే యాభై ఏళ్ల తర్వాత పుల్లెల గోపీచంద్ దగ్గర బ్యాడ్మింటన్ నేర్చుకున్న పి.వి. సింధు కథ కూడా ఇలాంటిదే. ఎత్తు ఆమెకు వాలీబాల్ ఆడిన తల్లిదండ్రుల నుంచి వచ్చింది. ఎదుటివాళ్ల మీద విరుచుకుపడే తత్వం మాత్రం నెమ్మదస్తురాలైన ఆ పిల్లకు సహజంగా రాలేదు. కోర్టు మధ్యలో నిలబడి గట్టిగా అరిస్తేనే రాకెట్ ముట్టుకోనిస్తానని గోపీచంద్ పట్టుబట్టాడని, ఆమె ఏడ్చిందని ఇద్దరూ బాహాటంగా చెప్పారు. ఆ పద్ధతి కఠినం, దాన్ని ఎవరైనా విమర్శించవచ్చు. 2016 రియోలో రజతం తెచ్చిన ఆటలో ఆ అరుపు ఉంది. 2019లో బాసెల్‌లో ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ విజేత అయినప్పుడు, కొరియా కోచ్ కిమ్ జీ-హ్యున్‌తో చేసిన సాధన కూడా తోడైంది. ఒక గురువు తెరిచిన దాడికి ఇంకొకరు మెరుగు పెట్టారు. అందులో సింధు సొంత వాటం ఎక్కడా తగ్గలేదు.

శిక్షణకు అంత శక్తే ఉంటే 1963 తర్వాత ఏమైంది? 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం, 1970 ఆసియా క్రీడల్లో హైదరాబాద్ వాడైన నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం. ఆ తర్వాత ఆసియా స్థాయిలో అలాంటి గెలుపు లేదు. ఈ పతనమే నా వాదనకు బలమని నేననుకుంటాను. పిల్లల పుట్టుకలు మారలేదు, అమ్ముగూడ లాంటి చోట్ల కుర్రాళ్లు ఆడటం మానలేదు. ఆగిపోయింది నియమాలు రాసే మనిషి పని. ఆ పోటీలు బడుల్లో పాఠంగా స్థిరపడలేదు, వ్యాయామ ఉపాధ్యాయుల చదువులో చేరలేదు. ఒక కార్యదర్శి ఓపిక మీద నిలబడిన పద్ధతి అతనితోనే పోయింది.

మా ఆదోని, కౌతాళం, కోసిగి వైపు నుంచి ఈ చరిత్రను చదివేటప్పుడు నాకు రహీం ఇచ్చిన సైకిల్ అద్దె దగ్గర ఆగాలనిపిస్తుంది. బలహీనమైన కాలికి, చేతికి బలం రావడానికి నెలలు పడుతుంది. మధ్యలో ఆపితే పిల్లలు పాత వాటానికే తిరిగిపోతారు. మన దగ్గర పంటలు చేతికి రాని ఏళ్లలో కుటుంబాలు గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోతాయి, వాళ్ల వెంట పిల్లలూ పోతారు. బడిలో మైదానం ఉన్నా, పీఈటీ సారు ఉన్నా, నేర్చుకోవాల్సిన పిల్ల ఆ నెలల్లో అక్కడ ఉండదు. సుగ్గికి పోయేవాళ్ల పిల్లల కోసం ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు నడిపే ఏర్పాటు ఇప్పటికే ఉంది. దానిలో భోజనం, పడక, చదువు లెక్కలోకి వస్తున్నాయి. సాయంత్రం ఒక గంట ఆటను, దానికి బాధ్యుడైన ఒక వ్యాయామ ఉపాధ్యాయుణ్ని అదే లెక్కలో రాయాలి. వారంలో రెండు రోజులు ఎడమచేతి ఆట, ఒక రోజు బంతి నేలకు కొట్టకుండా పాస్‌లతోనే ఆడే ఆట అని నియమం పెట్టాలి. దీనికి కొత్త స్టేడియం అక్కర్లేదు. సుగ్గి నుంచి తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా ఆ పిల్లలు హాస్టల్లోనే ఉంటారు కాబట్టి, ఏడాది మొత్తంలో సాధన తెగకుండా సాగే నెలలు అవే అవుతాయి.