నురుగులో దాగిన ఊపిరి

ఇంట్లో ఎవరు ఏడ్చినా మన ప్రాణం విలవిల్లాడుతుంది. ఒక్క ఏడుపు కోసం మాత్రం ఇంటిల్లిపాదీ తలుపు దగ్గర చెవులు రిక్కించుకుని నిలబడతారు. పురిటిగదిలోంచి క్యారుమని వినబడిందా, "హమ్మయ్య!" అంటారు.

మరి నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డుల మాటేమిటి? ఒకప్పుడు వాళ్ళలో చాలామంది, పుట్టగానే ఏడ్చినా, కాసేపటికే మూలగడం మొదలుపెట్టేవారు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి లాక్కుపోయేవి. రెండు మూడు రోజుల్లోనే అంతా అయిపోయేది. చనిపోయిన బిడ్డల ఊపిరితిత్తుల్లో గాజులాంటి పొర కనిపించేది. ఆ పొరే ప్రాణం తీసిందన్నారు డాక్టర్లు. ఉమ్మనీరు లోపలికి పోయిందేమోనన్నారు కొందరు. కారణం తెలియనప్పుడు నింద ఎవరిమీద పడుతుందో మనకు తెలియనిదా? "బరువులెత్తి ఉంటుంది, తినకూడనిదేదో తిని ఉంటుంది" అని చివరికి తల్లినే అంటారు.

ఈ చిక్కుముడి విప్పినావిడ పేరు మేరీ ఎలెన్ ఏవరీ. 1927లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టారు. పొరుగింట్లో ఉండే పిల్లల డాక్టరమ్మ ఎమిలీ బేకన్‌ను చూసి తానూ డాక్టరవాలనుకున్నారు. 1952లో జాన్స్ హాప్కిన్స్‌లో పట్టా పుచ్చుకున్నారో లేదో, క్షయ పట్టుకుంది. మంచానపడి మందులు మింగిన ఆ రోజుల్లోనే ఊపిరితిత్తులమీద ఆసక్తి కుదిరిందట.

1957లో బోస్టన్ వెళ్ళి జెరె మీడ్ అనే శాస్త్రవేత్త దగ్గర పరిశోధన మొదలుపెట్టారు. ఆరోగ్యమైన ఊపిరితిత్తుల్లో నురుగు ఉంటుంది. ఈ పసిబిడ్డల ఊపిరితిత్తుల్లో అది లేదు. అందరూ ఉన్న పొరను చూస్తుంటే, ఆవిడ లేని నురుగును చూశారు!

నురుగుదేముంది అంటారా? ఉత్త నీళ్ళతో బుడగలు ఊదమంటే ఏ పిల్లాడూ ఊదలేడు. కాస్త సబ్బు కలిపిస్తే వసారా నిండా ఊదిపెడతాడు. మన ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి అరల గోడలు తడిగా ఉంటాయి. తడిబట్ట మడతల్లా అవి అంటుకుపోకుండా, సబ్బులాంటి పదార్థమొకటి లోపల పూతలా ఉండి కాపాడుతుంది. దానిపేరు సర్ఫాక్టెంట్. కడుపులో బిడ్డకు ఇది సరిపడా ఊరేసరికి సుమారు 35 వారాలు పడుతుంది. అంతకుముందే పుడితే, వదిలిన ప్రతి ఊపిరికీ అరలు ముడుచుకుపోతాయి. కొత్త బెలూను మొదటిసారి ఊదడం ఎంత కష్టమో మనకు తెలుసు. ఆ పసివాడికి ప్రతి ఊపిరీ అంత కష్టమే.

సైనిక పరిశోధనాశాలలో పనిచేస్తున్న జాన్ క్లెమెంట్స్ దగ్గర ఈ పదార్థాన్ని కొలిచే పద్ధతి నేర్చుకుని, 1959లో మీడ్‌తో కలిసి ఆవిడ తన ఫలితాలు ప్రకటించారు. గాజుపొర జబ్బుకు కారణం కాదు, జబ్బు మిగిల్చిన గుర్తు!

కారణం దొరికినంత మాత్రాన మందు దొరకలేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ ఇదే జబ్బుతో 39 గంటలు మాత్రమే బతికాడు. తరువాత దారి తెరుచుకుంది. కాన్పుకు ముందే తల్లికి ఇంజెక్షనిస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదుగుతాయని 1972లో న్యూజీలాండ్ డాక్టర్లు లిగ్గిన్స్, హౌవీ చూపించారు. ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన పదార్థంతో చేసిన మందును పదిమంది శిశువులకిచ్చి, ఆ ఫలితాలను 1980లో ప్రకటించారు జపాన్ డాక్టరు ఫుజివారా. 2011లో కన్నుమూసేలోగా ఏవరీ ఇదంతా కళ్ళారా చూశారు.

ఊపిరి నిలబడ్డాక తరువాతి గండం పాలు. చీకడం, మింగడం, ఊపిరి తీయడం, ఈ మూడూ ఒక వరసలో కుదరడం సుమారు 34వ వారానికి గాని రాదు. అందుకే అంతకంటే చిన్నవాళ్ళకు తల్లిపాలనే సన్నని గొట్టంతో పోస్తారు. కాస్త తేరుకున్నాక మన ఉగ్గుగిన్నె ఉండనే ఉంది.

"ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అనేవారు మన పెద్దవాళ్ళు. నురుగు లెక్క ప్రకారం అది ఒట్టిమాట. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఇకమీదట ఏ పచ్చి బాలింతనైనా చూసి "ఏం చేసుకుందో ఏమో!" అని ఎవరైనా గుసగుసలాడితే, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఈ సబ్బుబుడగ కథ చెప్పండి.