స్టూడియో మానిటర్లు, సబ్‌వూఫర్: ఇంటి కంప్యూటర్‌కు కలపడం

ఆంప్లిఫయర్‌ను పెట్టెలోనే ఇముడ్చుకున్న స్పీకర్లు పవర్డ్ స్టూడియో మానిటర్లు. పాటను తీపి చేయకుండా ఉన్నదున్నట్టు వినిపించడం వీటి పని. ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం లాంటి ఊళ్లో ఇంట్లోనే పాట మిక్స్ చేసుకోవాలంటే ఇవే ఆధారం.

కంప్యూటర్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి కలిపినా పలుకుతాయి. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే శబ్దం శుభ్రంగా ఉంటుంది. దాని ఎడమ, కుడి అవుట్‌పుట్లను బ్యాలెన్స్‌డ్ కేబుళ్లతో ముందు బాస్ పలికించే సబ్‌వూఫర్‌కు, అక్కడి నుంచి మానిటర్లకు ఇవ్వాలి. సబ్‌వూఫర్‌లోని క్రాస్‌ఓవర్ సాధారణంగా 80 హెర్ట్జ్ ప్రాంతానికి దిగువన ఉన్న శబ్దాన్ని సబ్‌వూఫర్‌కే కేటాయిస్తుంది.

అసలు తలనొప్పి గుంయ్‌మనే రొద. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక ఆ రొద 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర వినిపిస్తుంది. పరికరాలు వేర్వేరు చోట్ల ఎర్త్ తీసుకుంటే ఆడియో తీగ గుండా వలయం ఏర్పడి ఈ రొద పుడుతుంది. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే చాలాసార్లు తగ్గుతుంది. రొద పోవాలని ఎర్త్ పిన్ను తీసేయడం ప్రాణాలకే ముప్పు, ఎన్నడూ చేయకూడదు.

మానిటర్లను అన్నిటికన్నా చివర ఆన్ చేసి, అన్నిటికన్నా ముందు ఆపాలి. సబ్‌వూఫర్ ఎక్కడ ఉండాలో తేల్చుకోవడానికి ముందు దాన్ని మనం కూర్చునే చోట పెట్టి, పాట వేసి, గదిలో తిరుగుతూ వినాలి. బాస్ సమంగా వినిపించిన చోటే దాని స్థానం.