డాక్టరమ్మ వచ్చిన దారి

నాదెండ్ల చుట్టుపక్కల మిరపకోతలు జోరుమీదున్న రోజుల్లో, మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని చెట్టునీడన కూర్చున్న కూలీల దగ్గర కాసేపు ఆగితే ఈ మాట చెవిన పడుతుంది: "నేనూ సంచి తీయించేసుకున్నా వదినా, పీడా వదిలింది." చెప్పే మనిషికి నలభై నిండి ఉండవు. పక్కనున్నామె ఉలిక్కిపడదు, తనూ గర్భసంచి ఎప్పుడో తీయించుకుంది కనుక. ఎవరు తీయించుకోమన్నారని అడిగితే జవాబు చిటికెలో వస్తుంది. "డాక్టరమ్మే చెప్పింది." ఇక దానిమీద అప్పీలు లేదు.

డాక్టరమ్మ మీద అంత గురి ఒక్కనాడు కుదిరింది కాదు. వెనక నూట నలభై ఏళ్ల కథ ఉంది.

నాదెండ్ల పేరెత్తితే చరిత్రకారులు తిమ్మరుసు మేనల్లుళ్లు అప్ప, గోప మంత్రులను తలుచుకుంటారు. కొండవీటిని ఏలిన ఇంటిపేరది. ఎవరు ఏ గుడికి ఎంత మాన్యం ఇచ్చారో శాసనాలు చెబుతాయి. ఆ మంత్రుల ఇళ్లలో పురుళ్లు పోసిందెవరో ఏ రాయీ చెప్పదు. మంత్రసానే పోసి ఉంటుంది. వేడినీళ్లు, ఆముదం, బొడ్డు కోయడానికి కొడవలి. హస్తవాసి ఉన్న మంత్రసాని ఎందరు తల్లులను గట్టెక్కించిందో లెక్క లేదు. బిడ్డ అడ్డం తిరిగి, మాయ పడక పోయినవాళ్లకూ లెక్క లేదు.

చదువుకున్న వైద్యుడు అసలు రాలేదని కాదు. లూథరన్ మిషనరీ హెయర్ 1842లోనే గుంటూరు చేరాడు. మధ్యలో అమెరికా వెళ్లి బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని, తిరిగొచ్చి 1849లో గురజాలలో మకాం పెట్టాడు. పల్నాటికి అది పెద్ద సంగతే. కానీ ఆయన మగవాడు, పైగా దొర. తెల్లబట్ట గురించి కట్టుకున్నవాడికే చెప్పని ఆడది దొరకు చెబుతుందా? ఘోషా ఇళ్లలో అయితే రోగం ఎంత ముదిరినా పరాయి మగవాడు గడప దాటే ప్రసక్తి లేదు. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లో నలుగురు ఆడవాళ్లను చేర్చుకుంది. వారిలో ఒకరు అక్కడి లాయరు భార్య మేరీ షార్లీబ్. ఆమె వైద్యం చదవడానికి కారణం కూడా ఇదే, మగ డాక్టరుకు చూపించుకోలేక నలిగిపోతున్న ఆడవాళ్లు.

గుంటూరుకు డాక్టరమ్మ 1883లో వచ్చింది. పేరు అన్నా సారా కుగ్లర్. ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకున్న మనిషి. విడ్డూరమేమిటంటే ఆమెను పంపినవాళ్లు డాక్టరుగా పంపలేదు. బళ్లు చూసుకో, ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు చదువు చెప్పు అన్నారు. వైద్యానికి డబ్బు పెట్టడానికి ఆ సంఘం ఇంకా సిద్ధంగా లేదు. రోగులకు ఆ లెక్కలు అక్కర్లేదు. వచ్చినామెకు నాడి చూడటం వచ్చునని తెలిశాక గుమ్మం ముందు జనం చేరారు. రెండేళ్లకు, 1885లో, సంఘం దారికొచ్చి ఆమెను వైద్యురాలిగా నియమించింది. యాభై పడకల ఆసుపత్రి లేవడానికి మరో పదమూడేళ్లు పట్టింది, 1898 దాకా. దానికోసం చందాలు పోగు చేసినవాళ్లలో ఎక్కువమంది సముద్రాల అవతలి ఆడవాళ్లే.

ఆ ఆసుపత్రి ముచ్చట్లలో నాకు నచ్చింది సత్రం సంగతి. తన ఇంట కుగ్లర్ వైద్యం చేసి నిలబెట్టినందుకు ఏలూరు రాజావారు ఆసుపత్రి దగ్గర రోగుల బంధువులకు ఓ సత్రం కట్టించారు. 1905లో సర్కారు ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది, మంచిదే. కానీ మనవాళ్ల సంగతి బాగా ఎరిగింది రాజావారే. మన దగ్గర రోగి ఒక్కతే రాదు. తల్లి, అత్త, ఓ చంటిపిల్ల, బియ్యం మూట వెంట వస్తాయి. వాళ్లు తలదాచుకోవడానికి చోటు లేకపోతే రోగి మంచం మీద నిలవదు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆసుపత్రికి ఆమె పేరే మిగిలింది.

అప్పటికి పదేళ్లుగా అదే ఊళ్లో ఇంకో డాక్టరమ్మ ఉంది. మెల్‌బోర్న్‌లో చదివిన మేరీ గ్లోరీ 1920లో వచ్చి జీసస్ మేరీ జోసెఫ్ (జేఎంజే) సభలో కన్యస్త్రీగా చేరింది. కన్యస్త్రీలు వైద్యం చేయడం, అందులోనూ కాన్పులు చేయడం, అప్పటికి చర్చి ఒప్పుకోని పని. ఈమెకోసం పోపు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. చిన్న డిస్పెన్సరీ సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి అయింది. స్థానిక ఆడపిల్లలకు మందులు కలపడం, నర్సు పని, పురుడు పోయడం నేర్పింది. మన నాటుమందుల గుణాలనూ శ్రద్ధగా పరిశీలించింది. 1943లో దేశంలోని క్యాథలిక్ ఆసుపత్రులకు ఒక సంఘం పెట్టిందీ ఆమే.

ఆసుపత్రి దాకా రాలేనివాళ్లకు సీసా వెళ్లింది. ఒంగోలు దగ్గరి ఇనమనమెళ్లూరు నుంచి మద్రాసు చేరిన వైద్యుడు కె.ఎన్.కేసరి ఆడవాళ్ల జబ్బులకు 'లోధ్ర' అనే మందు అమ్మి బాగా గడించారు. 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టారు. లోధ్ర ఎంత పనిచేసిందో నేను చెప్పలేను గానీ, ముట్టు బాధ పత్రికలో అచ్చు వేయదగిన సంగతేనని తెలుగిళ్లకు చెప్పినవి ఆ మందు ప్రకటనలే.

ఇదంతా ఇచ్చే వైద్యం, పుచ్చుకునే రోగి కథే. రోగి నోరు తెరిచి ప్రశ్న అడగడం చాలా ఆలస్యంగా మొదలైంది. బోస్టన్‌లో కొందరు ఆడవాళ్లు 1970లో తమ శరీరాల గురించి తామే తెలుసుకుని ఓ చిన్న పుస్తకం వేశారు. మరుసటి ఏడు అది 'అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్' అయింది, ఆ తరువాత ప్రపంచమంతా తిరిగింది. ఆ బాటలోనే హైదరాబాదు స్త్రీలు 1991లో తెలుగులో 'సవాలక్ష సందేహాలు' తెచ్చారు. ఆ పని చేసినవారిలో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్త, డాక్టరు వీణా శత్రుఘ్న ఉన్నారు. పేదింటి ఆడవాళ్ల తిండిని, ఎముకల గట్టిదనాన్ని కొలిచి చూసిన మనిషి. ముట్టు, తెల్లబట్ట, కాన్పు, గర్భనిరోధం మొదలుకుని డాక్టరుతో ఎలా మాట్లాడాలన్నదాకా చదువు పెద్దగా రానివాళ్లకు కూడా చదివి వినిపించేలా రాశారు. నా దృష్టిలో కుగ్లర్ ఆసుపత్రి తరువాత అంత పెద్ద సంగతి ఈ పుస్తకమే. 2004లో దాని ఇంగ్లీషు రూపం వచ్చింది.

మళ్లీ మిరపచేలోకి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద వందకు 3.3. ఆంధ్రప్రదేశ్‌లో 8.7. డాక్టరమ్మలు లేని రాష్ట్రమా ఇది? కారణం ఇంకోచోట ఉంది. అదే సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో 69.6 శాతం పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. పిల్లలు చాలనుకున్నాక సంచితో పనేముందన్న మాట ఇక్కడ పుట్టింది. నెలకు మూడు రోజులు నడుం పట్టేస్తే కూలి పోతుంది. చేలో చాటు ఉండదు. తెల్లబట్ట ఆగకపోతే క్యాన్సరవుతుందని ఎవరో భయపెడతారు. ఆరోగ్యశ్రీ వచ్చాక ఈ ఆపరేషన్లు ఎంతగా పెరిగాయంటే, ప్రైవేటు ఆసుపత్రుల్లో వీటికి ఆ పథకం డబ్బు ఇవ్వడం ప్రభుత్వమే ఆపేయాల్సి వచ్చింది.

తెల్లబట్ట చాలాసార్లు ఇన్ఫెక్షన్, మందులతో పోతుంది. క్యాన్సరు అనుమానముంటే గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్ష చేసి తేల్చుకోవచ్చు. అధిక రక్తస్రావానికీ మందులున్నాయి. కొందరికి ఆపరేషన్ తప్పదు, వాళ్లకు అది ప్రాణదానమే. కానీ సంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే ముట్లుడిగిన ఒళ్లవుతుంది. ఒంట్లో సెగలు, నిద్రలేమి, నానాటికి గుల్లబారే ఎముకలు. "సంచి తీశాక ఒళ్లు ఇదివరకట్లా లేదు" అని ఆ చెట్టునీడనే ఇంకో గొంతు మెల్లగా అంటుంది. దానికీ దీనికీ సంబంధముందని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

అందుకే అక్కా, చెల్లీ, డాక్టరమ్మ తీయించుకోమన్న రోజున ఇవి అడుగు. నా జబ్బు పేరేంటి? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా? జవాబు విన్నాక నరసరావుపేటలోనో గుంటూరు పెద్దాసుపత్రిలోనో ఇంకో డాక్టరుకు చూపించు. స్కాన్ కాగితం మాత్రం అక్కడే వదిలేసి రావద్దు, అడిగి ఇంటికి తెచ్చుకో. రెండో డాక్టరు మొదట అడిగేది అదే.