మార్జార వంశ చరిత్రము – నృసింహ తత్త్వము

శరణాగతిని బోధించు సందర్భమున శ్రీవైష్ణవాచార్యులు రెండు న్యాయములను ప్రస్తావింతురు. కోతిపిల్ల తల్లి ఉదరమును తానే గట్టిగా పట్టుకొనును. ఇది మర్కటకిశోర న్యాయము. పిల్లిపిల్ల దేనినీ పట్టుకొనదు. తల్లియే దానిని నోట కరచుకొని సురక్షిత స్థానమునకు చేర్చును. ఇది మార్జారకిశోర న్యాయము. శ్రీ వేదాంతదేశికుల సంప్రదాయము మొదటిదానిని, శ్రీ పిళ్ళై లోకాచార్యుల సంప్రదాయము రెండవదానిని ఆదరించినవని పెద్దలు చెప్పుదురు.

రెండవ న్యాయమునందు సాధకులు తరచుగా గమనింపని విశేషమొకటి కలదు. పిల్లను మోయుచున్న దంతము, ఎలుకను సంహరించు దంతమే. ఈ జంతువు ఎచ్చటనుండి వచ్చినది, దాని దేహము ఎట్లు రూపొందినది, మన గడపకు ఎట్లు చేరినది అను చరిత్రను తెలిసికొనినచో ఆ న్యాయము మరింత విశదమగును. కృష్ణాతీరమున మట్టపల్లి, వాడపల్లి క్షేత్రములలో నృసింహుని సేవించు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల భక్తులకు ఈ విచారణ మరింత ఉపయుక్తము. ఏలయన సింహమును, ఇంటి పిల్లియు ఏకవంశజములు.

వంశవృక్షము

సుమారు రెండున్నర కోట్ల సంవత్సరముల క్రిందట నేటి ఫ్రాన్సు దేశ భూభాగమున సంచరించిన ప్రోఐలూరస్ అను జంతువును మార్జార వంశపు ఆదిమ ప్రతినిధులలో ఒకటిగా శాస్త్రజ్ఞులు పరిగణింతురు. అది నేటి పిల్లికంటె కొంచెమే పెద్దది. నేడు జీవించియున్న మార్జార జాతులు సుమారు 40. వాని జన్యువులను పోల్చి వారెన్ జాన్సన్, స్టీఫెన్ ఓబ్రయన్ ప్రభృతులు 2006లో ప్రకటించిన వంశవృక్షము ప్రకారము, ఈ జాతులన్నియు ఎనిమిది శాఖలుగా ఏర్పడినవి. సింహము, పెద్దపులి, చిరుతపులి చేరిన శాఖ సుమారు 1 కోటి 8 లక్షల ఏండ్ల క్రిందట ఆసియాలో మొదటగా వేరుపడినది. ఇంటి పిల్లి చేరిన శాఖ అన్నిటికంటె చివరగా, సుమారు 62 లక్షల ఏండ్ల క్రిందట వేరుపడిన రెండు శాఖలలో ఒకటి. ఇంత దీర్ఘకాలము గడచినను బంధుత్వము చెరగలేదు. పెద్దపులి జన్యుక్రమము ఇంటి పిల్లి జన్యుక్రమముతో 95.6 శాతము సరిపోలుచున్నదని 2013లో తేలినది.

ఈ వంశపు ఆనవాళ్ళు తెలుగు నేలయందును లభించినవి. బేతంచెర్ల సమీపమునందలి బిల్లసర్గం గుహలలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ 1880వ దశకమున త్రవ్వకములు జరిపి అనేక జంతువుల ఎముకలను వెలికితీసిరి. వానిని పరిశీలించిన లిడెకర్ 1886లో ప్రకటించిన పట్టికయందు పెద్దపులి, చిరుతపులి, అడవిపిల్లి, తుప్పురంగు మచ్చల చిన్నపిల్లి అను నాలుగును కలవు. ఈ నాలుగును నేటికిని నల్లమలలో జీవించుచున్నవి. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యమునందు కృష్ణకు ఉత్తరమున ఉన్న భాగమే నేటి అమ్రాబాద్. అది నల్లగొండ జిల్లాలోనికిని వ్యాపించియున్నది. పెద్దపులి రెండువందల కిలోలు తూగవచ్చును; తుప్పుమచ్చల పిల్లి కిలోన్నర మించుట అరుదు. అయినను రెండింటి దంతముల అమరిక, నఖముల నిర్మాణము ఒక్కటే.

నఖము, దంతము, నాలుక

నృసింహుడు నఖాయుధుడు. మార్జార వంశమున నఖముల అమరిక అత్యంత విలక్షణము. విశ్రాంతిలో ఉన్నపుడు సాగుగుణముగల స్నాయువులు గోటిని పైకి లాగి చర్మపు ఒరలో నిలుపును. గోరు వెలుపలికి రావలెనన్న కండరము ప్రయత్నపూర్వకముగా ముడుచుకొనవలెను. అనగా ఈ దేహమున శాంతస్థితి సహజము, ఉగ్రస్థితి నైమిత్తికము. చీతా వంటి స్వల్ప భేదములను మినహాయించినచో సింహము మొదలు ఇంటి పిల్లి వరకు ఇదియే ధర్మము.

దంతమూలములలో స్పర్శనాడులు సమృద్ధిగా ఉండును. ఎంత బలముతో నొక్కుచున్నదో తల్లికి ఆ నాడుల వలన తెలియును. కావుననే ఎలుక మెడను విరిచిన కోరలు పిల్ల మెడపై గాటు పెట్టవు. పిల్లయు అంతకుముందు ఎంత గంతులు వేయుచున్నను, మెడ పట్టగానే కాళ్ళు ముడుచుకొని నిశ్చలమగును. మార్జార న్యాయమున జీవునినుండి కోరబడినది ఈ అప్రతిఘటనమే.

నాలుకయందు మరియొక విశేషము కలదు. తీపిని గ్రహించుటకు కావలసిన జన్యువులలో ఒకటి ఈ వంశమున చెడిపోయినదని 2005లో నిరూపింపబడినది. పిల్లికిని, పులికిని మాధుర్యము తెలియదు. వంటశాలలో చక్కెరపొంగలిని సమీపించు పిల్లిని ఆకర్షించునది నేయియే, బెల్లము కాదు. మాంసాహారము దాని దోషము కాదు, దాని స్వధర్మము.

ధాన్యాగారమునుండి గృహమునకు

ఇంటి పిల్లులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతముల అడవిపిల్లినుండి వచ్చినవని 2007లో కార్లోస్ డ్రిస్కాల్ బృందము వందలాది పిల్లుల జన్యువులను పరిశీలించి తేల్చినది. కావున మిర్యాలగూడలోని ఇంటి పిల్లికి పొలిమేర పొలములలోని అడవిపిల్లికంటె దూరపు మరుభూములలోని పిల్లియే దగ్గర బంధువు.

మానవుడు కుక్కను వేటకు, గోవును పాడికి, వృషభమును దున్నుటకు చేరదీసెను. పిల్లి విషయము వేరు. కృషి ఆరంభమై ధాన్యము నిలువచేయగా ఎలుకలు చేరినవి; ఎలుకల కొరకు పిల్లి తనంతట వచ్చినది. సైప్రస్ ద్వీపమున 9,500 ఏండ్ల నాటి సమాధిలో ఒక మానవుని అస్థులకు సుమారు 40 సెంటీమీటర్ల దూరమున ఎనిమిది నెలల పిల్లిని పాతిపెట్టినట్లు 2004లో వెల్లడియైనది. సహజముగా పిల్లులు లేని ఆ ద్వీపమునకు దానిని పడవపై తెచ్చినవారు మానవులే. సింధు నాగరికతకు చెందిన చన్హుదారోలో లభించిన ఒక ఇటుకపై, అది ఆరకముందు పరుగెత్తిన పిల్లి పాదముద్రయు, దానిని తరిమిన కుక్క పాదముద్రయు నిలిచియున్నవి.

ఇదే చరిత్ర ఈ సీమయందును పునరావృత్తమైనది. 1967లో నాగార్జునసాగర్ ఎడమకాలువకు నీరు విడువబడిన పిమ్మట మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతములలో వరి విస్తరించినది, మిల్లులు వెలసినవి. వడ్లరాశి ఉన్నచోట మూషికము, మూషికము ఉన్నచోట మార్జారము. వైయాకరణులు శాశ్వత విరోధమునకు ఉదాహరణముగా మార్జారమూషికమును ఒకే సమాసమున కూర్చినారు. ఆ విరోధమే రైతు గింజకు కాపుదల.

శాస్త్రదృష్టి

మహాభారత ఉద్యోగపర్వమున ఉలూకుని దౌత్య సందర్భమున కపట తపస్వియైన పిల్లి కథ కలదు. మహాబలిపుర శిల్పమున ఊర్ధ్వబాహువై తపమాచరించు పిల్లిని నేటికిని చూడవచ్చును. మనువు దాంభికుని బైడాలవ్రతికుడనెను. ఈ నిందయంతయు మానవుని దంభముపైననే. పిల్లి పొంచియుండుట ఆకలికి. మనుష్యుడు పొంచియుండుట లోభమునకు. ఎదురువచ్చినదని పిల్లిపై రాయి విసరువారు, పొలములో కనబడిన అడవిపిల్లిని చిరుతపిల్లయని చంపువారు ఈ భేదమును గుర్తింపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపిల్లికిని రక్షణ కల్పించినది.

దశావతారక్రమమే పరిణామక్రమమని కొందరు సంతోషముతో చెప్పుదురు. వరాహము సింహముగా మారలేదు, సింహము మనుష్యుడు కాలేదు. అట్టి సమన్వయమున శాస్త్రమునకును న్యాయము జరుగదు, పురాణమునకును జరుగదు. అస్థులు, జన్యువులు ప్రత్యక్షానుమానములకు విషయములు. అవతార ప్రయోజనము శబ్దప్రమాణమునకు విషయము. సృష్టిని పరిశీలించి తెలిసికొనిన సత్యము దృష్టాంతముగా భక్తికి ఉపకరించును. దానికి అంతకంటె ఎక్కువ భారము మోపనక్కరలేదు.

ఆ దృష్టాంతము ఇది. హిరణ్యకశిపుని చీల్చిన గోళ్ళు, ప్రహ్లాదుని శిరస్సును నిమిరిన చేతివే. ఒర వీడిన నఖము నిమిత్తము తీరగానే స్వస్థానమునకు మరలును. కృష్ణా మూసీ సంగమమునందలి వాడపల్లి గర్భాలయమున, స్వామి ముఖమునకు ఎదురుగానున్న దీపము ఆయన ఉచ్ఛ్వాసనిశ్శ్వాసములకు కదలుననియు, దిగువనున్న దీపము నిశ్చలముగా వెలుగుననియు భక్తుల విశ్వాసము. రెండు దీపములును ఒకే సన్నిధిలోనివి. ఆ సన్నిధిలో నిలిచిన సాధకుడు పిల్లిపిల్లవలె కాళ్ళు ముడుచుకొనుట నేర్చినచో, మోయువాని దంతమును చూచి భయపడనక్కరలేదు.

స్వస్తి.